పందుల కాపరి యుమేయస్: పుట్టింది ఎక్కడ, పెరిగింది ఎక్కడ?



గ్రీకు పురాణాలు అనగానే మనకు గుర్తుకొచ్చే పేర్లు కొన్నే. దేవతల రాజు జ్యూస్, మహాబలుడు హెర్క్యులిస్, ట్రాయ్ యుద్ధ వీరుడు అకిలీస్, కొయ్యగుర్రం ఉపాయం పన్నిన ఒడిస్సియస్. సాంఘిక శాస్త్రం పుస్తకంలోనో, క్విజ్ పోటీల్లోనో ఈ పేర్లు వింటూనే ఉంటాం. ఈ పెద్ద పేర్ల వెనుక, అదే కథలో, ఒక పందుల కాపరి ఉన్నాడు. అతని పేరు యుమేయస్. క్విజ్‌లో అతని గురించి ఎవరూ అడగరు. కానీ ఇల్లు విడిచి పరాయిచోట పెరిగిన ప్రతివాళ్లూ తెలుసుకోవలసిన కథ అతనిది. అందుకే ఈ సంచికకు ఏం రాయాలా అని మేము కూర్చున్నప్పుడు అతని పేరే అనుకున్నాం.

ముందుగా కథ ఎక్కడిదో చెప్పుకుందాం

గ్రీకుల ఆదికవి హోమర్ పేరు మీద రెండు మహాకావ్యాలు ఉన్నాయి. ఇలియడ్, ఒడిస్సీ. ఇవి క్రీస్తు పూర్వం 8వ శతాబ్దం ప్రాంతానికి చెందినవని పండితులు సాధారణంగా చెబుతారు. ఒడిస్సీలో 24 భాగాలు, 12 వేలకు పైగా పాదాలు ఉన్నాయి. ఇథాకా ద్వీపానికి రాజు ఒడిస్సియస్. పదేళ్లు ట్రాయ్ యుద్ధంలో, మరో పదేళ్లు సముద్రం మీద తిరుగుతూ గడిపి, ఇరవయ్యో ఏట ఇల్లు చేరతాడు. ఈలోగా రాజు చచ్చిపోయాడనుకుని, రాణి పెనెలోపిని పెళ్లాడతామంటూ 108 మంది దొరబిడ్డలు అతని ఇంట్లో తిష్ఠ వేస్తారు. రోజూ అతని పశువులనే కోయించుకు తింటారు, అతని ద్రాక్షసారాయే తాగుతారు. కొడుకు టెలిమాకస్ కుర్రవాడు, వాళ్లను ఆపలేకపోతాడు.

అలాంటి ఇంటికి ఒడిస్సియస్ నేరుగా వెళితే చంపేస్తారు. అందుకే ఎథీనా దేవత అతన్ని ముసలి బిచ్చగాడిగా మార్చి, ముందు ఒక మనిషి దగ్గరకు వెళ్లమంటుంది. ఆ మనిషి మంత్రీ కాడు, సేనాపతీ కాడు. ఊరికి దూరంగా గుట్టల దగ్గర పందులు కాసుకునే యుమేయస్. ఇరవయ్యేళ్లుగా లేని యజమాని ఆస్తిని పైసా కూడా పోనివ్వకుండా కాపాడిన నౌకరు అతడే.

పందుల దొడ్డి ఎలా ఉండేదంటే

పందులు కాయడం అన్నమాట వినగానే మన ఊళ్లలో కొందరు ముఖం చిట్లిస్తారు. ఆనాటి గ్రీకుల దగ్గర అలా కాదు. పంది మాంసం దొరల విందు భోజనం. దేవతలకు బలి ఇచ్చే జంతువుల్లో పంది కూడా ఒకటి. పందుల మంద అంటే ఆ ఇంటి సంపద.

యుమేయస్ దొడ్డిని హోమర్ లెక్కలతో సహా వర్ణించాడు. రాళ్లు మోసి అతడు స్వయంగా ప్రహరీ కట్టాడు. గోడపైన అడవి బేరి ముళ్లకంప వేశాడు. బయట ఓక్ కర్రల కంచె నాటాడు. లోపల 12 గదులు, ఒక్కో గదిలో 50 ఈనిన పందులు, అంటే 600. మగ పందులు బయట పడుకునేవి. అవి దొరల విందులకు రోజూ తరిగిపోతూ 360 మిగిలాయి. కాపలాకు నాలుగు భయంకరమైన కుక్కలు. కింద పనిచేసేవాళ్లు నలుగురు. యజమాని లేడు, అడిగేవాడు లేడు. ఆ గోడ కట్టమని రాణి చెప్పలేదు, ముసలి రాజూ చెప్పలేదు. అతనంతట అతడే కట్టాడు.

మొదటిసారి మనకు కనిపించేటప్పుడు యుమేయస్ ఎద్దు తోలు కోసి చెప్పులు చేసుకుంటూ ఉంటాడు. చింపిరి బట్టల ముసలివాడిని చూసి కుక్కలు మీద పడతాయి. తోలు కింద పడేసి పరుగెత్తి రాళ్లు విసిరి కుక్కల్ని తరుముతాడు. వచ్చినవాడు తన యజమానే అని అతనికి తెలియదు. అయినా పేరు అడగకముందే గుడిసెలోకి పిలిచి, తన పక్క మీది మేకతోలు పరిచి కూర్చోబెడతాడు. రెండు పందిపిల్లల్ని కోసి, కాల్చి, బార్లీ పిండి చల్లి వడ్డిస్తాడు. కొవ్వెక్కిన పందులు దొరల వంతు, నౌకర్ల వంతుకు పిల్లలే మిగులుతాయని నొచ్చుకుంటూ చెబుతాడు. పరదేశులు, బిచ్చగాళ్లు జ్యూస్ దేవుడు పంపినవాళ్లని అతని నమ్మకం. కడుపు నిండాకే ఊరూ పేరూ అడుగుతాడు.

తరువాతి రాత్రి భోజనాలయ్యాక ముసలివాడు అతని కథ అడుగుతాడు. రాత్రులు పొడుగ్గా ఉన్నాయి, నిద్రకూ సమయం ఉంది, కబుర్లకూ ఉంది అంటూ యుమేయస్ మొదలుపెడతాడు. గడిచిపోయాక కష్టాలను చెప్పుకోవడంలో కూడా ఒక తృప్తి ఉంటుందని అతని అభిప్రాయం. 15వ భాగంలో ఉన్న ఆ కథే అతని పుట్టుపూర్వోత్తరం.

ఓర్మెనస్ మనవడు, క్తేసియస్ కొడుకు

సముద్రంలో సిరియే అనే ద్వీపం ఉంది. ఇది మనం వార్తల్లో వినే సిరియా దేశం కాదు. గ్రీసు దగ్గరి సిరోస్ ద్వీపమే ఇదని కొందరు పండితులు అంటారు. జనం ఎక్కువ ఉండరు గానీ మంచి నేల. పశువులు, గొర్రెలు, ద్రాక్ష, గోధుమ పుష్కలం. కరువు లేదు, రోగాలు లేవు. ముసలితనం వచ్చినప్పుడు దేవతలే వచ్చి నొప్పి తెలియకుండా ప్రాణం తీసుకుపోతారట. ద్వీపంలో రెండు పట్టణాలు. రెండింటికీ ఒక్కడే రాజు. అతని పేరు క్తేసియస్, ఓర్మెనస్ కొడుకు. ఆ క్తేసియస్ కొడుకే యుమేయస్. తల్లి పేరు మాత్రం హోమర్ చెప్పలేదు.

అంటే పందులు కాసే మనిషి రాజు కొడుకు! మరి ఇథాకాకు ఎలా వచ్చాడు?

క్తేసియస్ ఇంట్లో ఒక దాసి ఉండేది. పొడగరి, అందగత్తె, చేతిపనిలో నేర్పరి. చిన్నవాడైన యుమేయస్‌ను పెంచింది ఆమే. ఆమెది ఫినీషియన్ల సిడాన్ నగరం. అది నేటి లెబనాన్‌లో ఉంది. ఆమె తండ్రి ఆరిబస్ బాగా డబ్బున్నవాడు. ఒకరోజు పొలం నుంచి ఇంటికి వస్తుండగా టాఫియన్లు అనే సముద్రపు దొంగలు ఆమెను ఎత్తుకుపోయి క్తేసియస్‌కు అమ్మారు.

కొన్నాళ్లకు ఫినీషియన్ వర్తకులు ఓడనిండా సరుకుతో ఆ ద్వీపానికి వచ్చారు. బట్టలు ఉతకడానికి వెళ్లిన ఆమెను వారిలో ఒకడు వలలో వేసుకున్నాడు. ఆమె కథ విని, నీ తల్లిదండ్రులు బతికే ఉన్నారు, ఇంకా కలిగినవాళ్లే, మాతో వస్తే ఇంటికి చేరుస్తాం అన్నాడు. ఆమె వాళ్లందరి చేతా ఒట్టు వేయించుకుంది. దారి ఖర్చుకు బంగారం తెస్తానంది. దానితోపాటు, నా యజమాని కొడుకు నా వెంటే తిరుగుతుంటాడు, వాణ్ని కూడా తెస్తాను, ఎక్కడ అమ్మినా మంచి ధర పలుకుతాడు అని చెప్పింది.

వర్తకులు ఏడాదిపాటు అక్కడే ఉండి ఓడ నింపుకున్నారు. ఆ తర్వాత వారిలో ఒక నేర్పరి బంగారు హారం పట్టుకుని రాజు ఇంటికి వచ్చాడు. మధ్యమధ్య అంబర్ పూసలు గుచ్చిన హారం. యుమేయస్ తల్లి, దాసీలు దాన్ని చేతుల్లోకి తీసుకుని చూస్తూ బేరమాడుతున్నారు. అతడు దాసికి మౌనంగా సైగ చేసి వెళ్లిపోయాడు. ఆమె పిల్లవాడి చెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది. మండువాలో భోజనపు బల్లల మీద ఉన్న మూడు పాత్రలు రొమ్ము దగ్గర దాచుకుంది. పిల్లవాడు ఏమీ తెలియక ఆమె వెంట నడిచాడు. పొద్దు గుంకింది. ఓడ కదిలింది.

ఆరు రోజులు ఓడ సాగింది. ఏడో రోజు ఆర్టెమిస్ దేవత బాణం తగిలి ఆమె ఓడ అడుగున పడి చనిపోయింది. శవాన్ని చేపలకు, సీలు జంతువులకు వేశారు. పిల్లవాడు ఒంటరివాడయ్యాడు. గాలి ఓడను ఇథాకాకు చేర్చింది. అక్కడ ఒడిస్సియస్ తండ్రి లెయర్టీస్ అతన్ని కొన్నాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఈ కథలో దాసి దుర్మార్గురాలిగా కనిపిస్తుంది. నమ్మిన పిల్లవాణ్ని అమ్మకానికి పెట్టింది కాబట్టి ఆ తప్పు తప్పే. కానీ ఆమె కూడా ఒకప్పుడు పొలం నుంచి ఇంటికి వస్తున్న ఒక తండ్రి బిడ్డే. ఆమెను ఎవరో సరుకు చేశారు. ఇంటికి వెళ్లే దారి కోసం ఆమె మరొకరిని సరుకు చేసింది. యుమేయస్ చెప్పిన కథలో మొదట దొంగిలించబడింది అతడు కాదు, ఆమె. మనుషుల్ని కొని అమ్మడం అనే దురాచారం బాధపడినవాళ్ల చేతే మరొకరిని ఎలా బాధపెట్టిస్తుందో ఇంతకంటే స్పష్టంగా చెప్పడం కష్టం.

పెంచిన తల్లి, వేరుపడిన దారి

ఇథాకాలో లెయర్టీస్ భార్య యాంటిక్లియా ఆ పిల్లవాణ్ని తన చిన్నకూతురు క్తిమెనెతో కలిపి పెంచింది. కన్నబిడ్డ మీద ఉన్నంత ప్రేమ, కొంచెం తక్కువగా, అతని మీదా చూపింది. ఆ కొంచెం తక్కువ అన్నది కూడా యుమేయస్ దాచకుండా చెబుతాడు. ఇద్దరూ ఈడుకు వచ్చారు. క్తిమెనెను సామే ద్వీపానికి ఇచ్చి పెళ్లి చేశారు, బోలెడు కట్నకానుకలు పుచ్చుకున్నారు. యుమేయస్‌కు ఒక అంగీ, ఒక ఉత్తరీయం, కాళ్లకు చెప్పులు ఇచ్చి పొలానికి పంపారు.

ఒకే ఇంట్లో ఆడుకున్న ఇద్దరు పిల్లలు. ఒకరు పెళ్లి పల్లకి వైపు, మరొకరు పందుల దొడ్డి వైపు. ఈ రెండు వాక్యాల దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాం. ప్రేమగా పెంచడం వేరు, సమానంగా చూడటం వేరు. యాంటిక్లియా ప్రేమ అబద్ధం కాదు. ఆమె కొడుకు మీద బెంగతో చనిపోయాక కూడా యుమేయస్ ఆమెను తలచుకుని బాధపడతాడు. అయినా ఆ ప్రేమ అతని బానిసత్వాన్ని తీసెయ్యలేదు.

అసలు తల్లిదండ్రుల్ని మరిచాడా? లేదు. వాళ్లను, తన దేశాన్ని కళ్లారా చూడాలని ఎంతో ఉన్నా, అంతకంటే ఎక్కువగా ఒడిస్సియస్ కోసం తపిస్తున్నానని బిచ్చగాడితో అంటాడు. ఆ మాట చెప్పేది ఒడిస్సియస్‌కే అని అతనికి తెలియదు.

మనకు తెలిసిన కథల కంటే తేడా ఎక్కడ?

రాకుమారుడు పరాయి ఇంట్లో పెరగడం మనకు కొత్త కాదు. సూతుని ఇంట పెరిగిన కర్ణుడు ఉన్నాడు. అమ్ముడుపోయి కాటికాపరి అయిన హరిశ్చంద్రుడు ఉన్నాడు. మన జానపద సినిమాల్లో కాపరి ఇంట పెరిగిన కుర్రవాడి చేతి మీద పుట్టుమచ్చ కనబడగానే సింహాసనం దక్కుతుంది. యుమేయస్ కథలో అది జరగదు. సిరియే నుంచి అతన్ని వెతుక్కుంటూ ఎవరూ రారు. అతడు రాజు కొడుకు అని తెలిసినా ఎవరూ లేచి నిలబడరు. తెల్లవారగానే మళ్లీ పందుల దగ్గరకే వెళతాడు. పుట్టుక కథ అతనికి కిరీటం తేలేదు. ఒక రాత్రి చెప్పుకోవడానికి మాత్రమే పనికొచ్చింది.

ఒక అనుమానం రావచ్చు

మాలో కొందరికి ఒక అనుమానం వచ్చింది. యుమేయస్ మంచివాడు కాబట్టి అతన్ని రాజు కొడుకుగా చూపించారా? అంటే, గొప్ప గుణం గొప్ప వంశంలోనే ఉంటుందని కవి చెప్పదలచుకున్నాడా? ఈ ప్రశ్నను దాటేయకూడదు. ఎందుకంటే ఇలాంటి మాట మనలో చాలామంది ఏదో ఒక రూపంలో విన్నవాళ్లమే.

జవాబు కావ్యంలోనే వెతికాం. మూడు సంగతులు కనిపించాయి.

ఒకటి, పశువుల కాపరి ఫిలోయిటియస్. యుమేయస్‌కు ఏమాత్రం తీసిపోని నమ్మకస్తుడు. అతడు ఏ రాజు కొడుకో హోమర్ చెప్పలేదు. ఒడిస్సియస్ తన కాలి మీది పాత గాయపు మచ్చ చూపించి తానెవరో చెప్పుకున్నది యుమేయస్‌కు, ఫిలోయిటియస్‌కు, ఇద్దరికీ ఒకేసారి.

రెండు, మేకల కాపరి మెలాంథియస్. అతడు దొరల పక్షం చేరి, ముసలి బిచ్చగాణ్ని దారిలో తన్నాడు. అతని తండ్రి పేరు డోలియస్. కావ్యం చివర ఒడిస్సియస్ పక్షాన ఆయుధం పట్టిన ముసలి నౌకరు పేరు కూడా డోలియస్. అతనితోపాటు ఆరుగురు కొడుకులు నిలబడ్డారు. ఈ డోలియస్, ఆ డోలియస్ ఒకరే అయితే, ఒకే ఇంట్లో ద్రోహీ పుట్టాడు, విశ్వాసపాత్రులూ పుట్టారు.

మూడు, ఆ 108 మంది. అందరూ పెద్ద వంశాలవాళ్లే. చేసింది మాత్రం పరాయి ఇంటి తిండి తిని, ఆ ఇంటి పిల్లవాణ్ని చంపాలని పొంచి ఉండటం.

కాబట్టి వంశాన్ని బట్టి గుణం అని ఈ కావ్యం రుజువు చేయడం లేదు. మరి రాజు కొడుకన్న సంగతి ఎందుకు? మాకు తోచింది ఇది. బానిసగా కనిపించే ప్రతి మనిషి వెనుక ఒక ఇల్లు, ఒక ఊరు, ఒక తండ్రి పేరు ఉంటాయని ఆ కథ గుర్తు చేస్తుంది. ఒడిస్సియస్‌ను చిన్నప్పుడు పెంచిన యూరిక్లియా కూడా కొన్న మనిషే. ఆమెను లెయర్టీస్ 20 ఎడ్ల విలువ ఇచ్చి కొన్నాడు. ఆమెకూ తండ్రి పేరు, తాత పేరు హోమర్ చెప్పాడు.

అలాగని ఆ లోకాన్ని పూర్తిగా మెచ్చుకోలేం. యుమేయస్ కూడా తన సొంత డబ్బుతో టాఫియన్ల దగ్గర మెసాలియస్ అనే నౌకరును కొనుక్కున్నాడు. టాఫియన్లంటే తన దాదిని ఎత్తుకుపోయిన జాతే! బానిస మరో బానిసను కొనడం అతనికి వింతగా అనిపించలేదు. ఒక మనిషి బానిస అయిన రోజున దేవుడు అతని యోగ్యతలో సగం తీసేస్తాడని కూడా యుమేయస్ ఒకచోట అంటాడు. తన జీవితంతో మాత్రం ఆ మాటను అబద్ధం చేశాడు.

కవి ఇచ్చిన గౌరవం

హోమర్ యుమేయస్‌ను ప్రస్తావించేటప్పుడు ఒక విశేషణం వాడతాడు. గ్రీకులో 'దియోస్'. దివ్యుడు, ఉత్తముడు అని అర్థం. అదే విశేషణం ఒడిస్సియస్‌కూ వాడాడు. ఇంకొక విశేషం ఉంది. అందరి గురించి 'అతడు అన్నాడు' అని చెప్పే కవి, యుమేయస్ దగ్గరకు వచ్చేసరికి అతనివైపు తిరిగి, ఎదురుగా ఉన్నట్టు 'నువ్వు' అని పలకరిస్తాడు. ఒడిస్సీ మొత్తంలో కవి ఇలా పలకరించిన పాత్ర యుమేయస్ ఒక్కడే. ఛందస్సు కుదరడానికే అలా చేశాడని కొందరు పండితులంటారు. అభిమానం వల్లనే అని మరికొందరంటారు. మేము రెండో పక్షం.

16వ భాగంలో టెలిమాకస్ ప్రయాణం నుంచి క్షేమంగా తిరిగివస్తాడు. యుమేయస్ చేతిలోని పాత్రలు జారిపోతాయి. పరుగెత్తి అతని తల, కళ్లు, చేతులు ముద్దు పెట్టుకుంటాడు. పదేళ్లు దూరదేశంలో ఉండి వచ్చిన ఒక్కగానొక్క కొడుకును తండ్రి హత్తుకున్నట్టు ఉందని కవి అంటాడు. కన్నతండ్రి ఒడిస్సియస్ పక్కనే, బిచ్చగాడి వేషంలో, కదలకుండా చూస్తూ ఉంటాడు. టెలిమాకస్ యుమేయస్‌ను పిలిచే పిలుపు 'అత్తా'. మన అత్త కాదులెండి! గ్రీకులో పెద్దవాళ్లను, పెంచినవాళ్లను చనువుగా పిలిచే మాట, మనం ‘అయ్యా’ అన్నట్టు.

చివరి పోరాటంలో విల్లును ఒడిస్సియస్ చేతికి అందించినవాడు యుమేయసే. దొరలంతా అరిచి బెదిరిస్తే ఒకసారి భయపడి విల్లు కింద పెట్టేశాడు. టెలిమాకస్ గట్టిగా చెప్పాక మళ్లీ తీసుకుని నడిచాడు. భయం లేనివాడని కవి చెప్పలేదు. భయపడినా వెళ్లాడని చెప్పాడు. తరువాత ఈటె భుజాన్ని గీరుకుపోయినా నిలబడి పోరాడాడు.

ఆ తరువాత?

గెలిస్తే భార్యను, ఆస్తిని, తన ఇంటి పక్కనే ఇల్లు ఇస్తానని, టెలిమాకస్‌కు తోబుట్టువుల్లా చూసుకుంటానని ఒడిస్సియస్ ఇద్దరు కాపరులకూ మాట ఇచ్చాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడా లేదా చెప్పకుండానే కావ్యం ముగుస్తుంది. అయితే ఎన్నో శతాబ్దాల తర్వాత, క్రీస్తు శకం 1, 2 శతాబ్దాల్లో జీవించిన ప్లుటార్క్ అనే గ్రీకు రచయిత ఒక సంగతి రాశాడు. టెలిమాకస్ యుమేయస్‌ను, అతనితోటివాళ్లను విడుదల చేసి పౌరుల్లో కలిపాడని, ఇథాకాలోని కోలియాదులు అనే వంశం యుమేయస్ నుంచి, బుకోలియన్ల వంశం ఫిలోయిటియస్ నుంచి వచ్చాయని చెప్పాడు.

సిరియేలో ఓర్మెనస్ వంశం ఏమైందో కథలో లేదు. కానీ పరాయి నేల మీద, పందుల కాపరిగా బతికిన మనిషి పేరు చెప్పుకుని ఒక వంశం నిలిచింది. వంశం నుంచి మనిషికి పేరు రావడం లోకంలో మామూలే. ఇక్కడ మనిషి నుంచి వంశానికి పేరు వచ్చింది.

మనం తీసుకోవలసింది

మేము కూడా చిన్న వయసులోనే ట్రంకు పెట్టె పట్టుకుని ఇక్కడికి వచ్చినవాళ్లమే. మొదటి వారం రాత్రుళ్లు దుప్పటి ముసుగులో ఏడ్చినవాళ్లమే. యుమేయస్‌తో మనకు పోలిక అంతవరకే. అతన్ని దొంగిలించి తెచ్చారు, మనల్ని అమ్మానాన్న చదువు కోసం పంపారు. అతనికి తిరిగి వెళ్లే దారి లేదు, మనకు సంక్రాంతి సెలవులు ఉన్నాయి. ఈ తేడా చిన్నది కాదు. మనిషిని కొని అమ్మడాన్ని, వెట్టిచాకిరిని మన రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించింది. ఆ అధికరణ విలువ ఏమిటో ఇలాంటి కథ చదివినప్పుడు బాగా తెలుస్తుంది.

ఇంకొక్క మాట. ఈ హాస్టల్లో తెల్లవారుజామున లేచి పొయ్యి వెలిగించిన వంటమనిషి, నీళ్లు పట్టిన కామాటి, రాత్రి గేటు దగ్గర కూర్చున్న వాచ్‌మన్ - వీళ్ల ఊరు ఏది, తల్లిదండ్రులు ఎవరు అని మేము ఇక్కడున్న అన్నేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. యుమేయస్ కథ చదివాక ఆ సంగతి గుర్తొచ్చి సిగ్గుపడ్డాం. ఒడిస్సియస్ రాజై ఉండి కూడా ఒక పొడవాటి రాత్రి నిద్ర మానుకుని తన నౌకరు కథ మొత్తం విన్నాడు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వార్షికోత్సవం హడావిడి అయ్యాక ఒక సాయంత్రం మీరు ఆ పని చేయండి. ఈసారి హాస్టల్‌కు వచ్చినప్పుడు మేమూ చేస్తాం.